శుక్రవారం మీటర్లు

మా పెళ్లయిన పదకొండేళ్లలో మా బావ ఇంటిపట్టున ఉన్నది ఒక్క వేసవి. మిగతా కాలమంతా బెంగళూరులో, పీణ్యా దగ్గర బండ్ల మీటర్లు చేసే ఒక కంపెనీలో ఉన్నాడు. ఉగాదికొకసారి, దసరాకొకసారి వచ్చేవాడు. వచ్చిన రోజు చుట్టంలా కూర్చునేవాడు, మర్నాడంతా నిద్రపోయేవాడు, ఆ మర్నాడు కొడికొండ చెక్‌పోస్టు దగ్గర బస్సెక్కేవాడు. మా పాప ఆయన్ని నాయనా అని పిలవడానికి కూడా సిగ్గుపడి తలుపు వెనక నిలబడేది. నాకు ఆ సిగ్గులు ఎప్పుడో పోయి కోపం మాత్రం మిగిలింది. మేనత్త కొడుకే మొగుడు కాబట్టి మొహమాటం లేకుండా అడిగేదాన్ని, నన్ను చేసుకున్నావా, నీ తల్లికి తోడు పెట్టుకున్నావా అని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఏడు మాత్రం నవ్వలేదు. సొంతంగా శెడ్డు పెట్టుకుంటానన్నాడు. హిందూపురంలో ట్రాక్టర్ల మీటర్లు చేసే ఒక కంపెనీవాళ్లు మాటిచ్చారట. మీటర్లు వాళ్లు పంపిస్తారు, వాటి ముళ్లు సరిచేసి మేం వెనక్కి పంపాలి. ఈ వేసవి పంపిన సరుకు బాగుంటే ఏడాది పొడుగునా పని. ఆ మాట పట్టుకుని పీణ్యా ఉద్యోగం వదిలేశాడు. మిషన్ కొనడానికి మా అత్త ఆంజినమ్మ తన గొర్రెల మంద మొత్తం అమ్మేసింది. ఆమెను ఎవరూ అడగలేదు. కొనేవాణ్ణి తనే పిలిపించి, దొడ్డి ఖాళీ చేయించి, ఇంట్లోకొచ్చి కాళ్లు కడుక్కుంది.

"వాడు ఇంట్లో ఉంటే సాలు. గొర్రెలు యాల నాకు?" అంది.

మిషన్ చిలమత్తూరు మీదుగా ట్రాలీ ఆటోలో వచ్చింది. దాన్ని చూసి ఊళ్లోవాళ్లు నిరాశపడ్డారు. మూత ఉన్న ఒక ఇనప పెట్టె, పక్కన ఒక కంప్యూటరు, అంతే. మీటరును పెట్టెలో బిగించి మూత వేస్తే లోపల ముల్లు మెల్లగా తిరుగుతుంది. ఇంజను వేడి చూపించే మీటరు కదా, చల్లటి గుర్తు దగ్గర ఒకటి, ఎర్ర గుర్తు దగ్గర ఒకటి సన్నటి లైట్లుంటాయి. ఒక్కో లైటుకు ఎదురుగా ఆ వెలుతుర్ని చూసే సెన్సరు. ముల్లు అడ్డమొచ్చి వెలుతురు తగ్గగానే, ముల్లు గుర్తు దగ్గరికొచ్చిందని సెన్సరు కంప్యూటరుకు చెబుతుంది. తేడా ఉంటే కంప్యూటరు ఆ మీటరులో ఉన్న చిప్పులోనే సరిదిద్దేస్తుంది. మా బావ ఇదంతా అరుగు మీద కూర్చుని వాళ్లమ్మకు ఓపిగ్గా చెప్పాడు.

ఆమె అంతా విని, "అంటే దానికి రెండు కండ్లుండాయి" అంది.

అంతే అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో సెన్సరు అన్న మాట పోయి కన్ను అన్న మాటే మిగిలింది.

కళ్లున్నదానికి బొట్టు పెట్టకుండా మా అత్త ఎలా ఊరుకుంటుంది? మందలో ముందు నడిచే పొట్టేలుకు ఆమె ప్రతి శుక్రవారం చౌడమ్మ పేరు చెప్పి బొట్టు పెట్టేది. నీళ్లలో కలిపిన పసుపు ఎండి రాలిపోతుందని ఆముదంలో కలిపేది. పొట్టేలు పోయింది, ఆముదం గిన్నె ఉంది. మొదటి శుక్రవారమే స్నానం చేసి, తడి జుట్టుతో శెడ్డులోకొచ్చి, సాంబ్రాణి వేసి, మూత ఎత్తించి, రెండు కళ్లకూ పైన ఇనుము మీద ఆముదం పసుపుతో బొట్లు పెట్టింది. వాటి మీద కుంకుమ అద్దింది. కన్ను అద్దానికి తగలకూడదని కొడుకు చెప్పాడు. ఆమె తగలనివ్వలేదు. ఈ సంగతి నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే దీపం పట్టుకుని పక్కనే నిలబడింది నేనే.

పనికి ఒక వరస ఉండేది. పొద్దున్నే నేను స్పిరిట్ గుడ్డతో పెట్టె లోపల దుమ్ము తుడిచేదాన్ని. తర్వాత ఆయన కొలతకు ఉంచుకున్న సరైన మీటరు ఒకటి లోపల బిగించి, కళ్లు సరిగ్గా చూస్తున్నాయో లేదో పరీక్షించేవాడు. ఆ తర్వాతే పని. శుక్రవారమైతే పరీక్షకూ పనికీ మధ్యలో పూజ. దేవుడి పని అయ్యాక మళ్లీ పరీక్షించడమేమిటని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

బయటి వెలుతురు లోపలికి రాకూడదు కాబట్టి శెడ్డు కిటికీలకు గోనె సంచులు కొట్టి, మిషన్ చుట్టూ నల్లగుడ్డ కట్టాం. పైన రేకులు. ఏప్రిల్ వచ్చేసరికి ఆ చీకట్లో కూర్చుంటే తలలోంచి చెమట కారి కంట్లోకి దిగేది. నేను మీటర్లు అందించేదాన్ని, ఆయన బిగించేవాడు. ఒళ్లంతా ఉడికిపోతున్నా నాకు ఆ శెడ్డు వదలాలనిపించేది కాదు. ఆయనకు కూరలో ఉప్పు తక్కువైతే చెప్పకుండా తినే అలవాటుందని, నిద్రలో పళ్లు నూరుతాడని, చీకట్లో పని చేసేటప్పుడు మాత్రం నోరు మూయడని నాకు అప్పుడే తెలిసింది. పీణ్యాలో నలుగురు కలిసుండే గది గురించీ, అక్కడ వండుకున్న మాడిన చిత్రాన్నం గురించీ చెబుతుంటే, ఇన్నేళ్లు ఆ సంగతులన్నీ ఎక్కడ దాచావని ఏడిపించేదాన్ని. మా పాప ఆయనతో పోట్లాడటం మొదలుపెట్టింది. ఒక రోజు అలిగి ఆయన పక్కన కూర్చోనంది. అలిగేంత చనువు వచ్చిందని ఆయన ఆ రోజంతా ఊరికే నవ్వుకున్నాడు. నేను సంతోషంగా ఉన్నాను. ఆ మాట అప్పుడు పైకి అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

ఎండలు ముదిరాక ఊళ్లో కొళాయిలు ఎండిపోయాయి. బయ్యన్న ట్రాక్టరు తోలే ట్యాంకరే మాకందరికీ దిక్కు. అతని ట్రాక్టరు వేడి మీటరు ఏనాడో చచ్చిపోయింది. అద్దం మీద గీత పడి కంపెనీకి పంపడానికి పనికిరాని మీటరొకటి మా దగ్గర ఉంటే, మా బావ దాన్ని తీసుకెళ్లి బిగించి వచ్చాడు. బయ్యన్న అందరికీ చూపించుకున్నాడు, ఇది మనూరి మీటరని.

మే నెల ఆఖర్లో ఒక మధ్యాహ్నం బయ్యన్న నడుచుకుంటూ మా ఇంటికొచ్చాడు. అతను నడవడం నేనెప్పుడూ చూడలేదు. నీళ్లడిగి తాగి, అరుగు మీద మా బావ పక్కన కూర్చున్నాడు. కోపంగా కూడా లేడు.

"ముల్లు ఎర్ర గుర్తును ముట్టనేలే తిప్పేసామీ. నేను దాన్నే చూసుకుంటా గుట్ట ఎక్కిస్తాండా. పొగ వచ్చేదాకా తెలీలే. ఇంజను పట్టేసింది" అన్నాడు.

మా బావ పానా తీసుకుని అతని వెంట పోయాడు. మీటరు ఊడదీసుకుని వచ్చాడు. ఊరికి ట్యాంకరు లేక ఆడవాళ్లం బిందెలెత్తుకుని హైవే అవతల తోటకు నడిచిన రోజులవి. దారిలో ఎవరూ నన్నేమీ అనలేదు, నాతో మాట్లాడనూ లేదు.

ఆ వారమే హిందూపురం నుంచి ఫోనొచ్చింది. అక్కడ సరుకు చూసుకునే దివాకర్ అనే ఆయన చేశాడు. ట్రాక్టర్లు రోడ్ల మీద ఉడికి ఆగిపోతున్నాయి, ముల్లు ఎర్ర గుర్తు దాకా పోవడం లేదు, మీటర్లన్నీ వెనక్కి తెప్పించి చూస్తే కొన్ని బాగున్నాయి, కొన్ని లేవు అన్నాడు. బాగాలేనివి పెట్టెల్లో పెట్టి పంపించాడు. నేనూ మా బావా నడవలో కూర్చుని ఒక్కొక్కటి తిరగేసి వెనక స్టిక్కరు మీద తేదీ చూశాం. పక్కన గోడకు క్యాలెండరు ఉంది. అన్నీ శుక్రవారం చేసినవే. బయ్యన్న మీటరూ శుక్రవారానిదే.

"శుక్రారం మనం ఏం చేస్తాండాం సరళా?" అని అడిగాడు.

నాకు తోచినవన్నీ చెప్పాను. ఆ రోజు కరెంటు తక్కువొస్తుందేమో అన్నాను. గోనె సంచి పక్కకు జరిగి వెలుతురు పడుతోందేమో అన్నాను. ఆయన అన్నీ చూశాడు. ఏదీ కాదు.

తర్వాతి శుక్రవారం అన్నీ ఎప్పటిలాగే జరగనిచ్చాడు. నేను తుడిచాను, ఆయన పరీక్షించాడు, కళ్లు సరిగ్గానే చూస్తున్నాయి. మా అత్త వచ్చింది, సాంబ్రాణి వేసింది, బొట్లు పెట్టింది, దండం పెట్టుకుని వెళ్లింది. పాత మీటర్లనే మళ్లీ ఎక్కించి పని చేశాం. మధ్యాహ్నం రేకులు కాలిపోతుండగా ఆయన మూత ఎత్తి, ఎర్ర గుర్తు దగ్గరున్న కన్ను మీద బొటనవేలు పెట్టి తీశాడు. వేలికి పసుపు అంటింది. వేడికి ఆముదం పల్చబడి, ఇనుము మీద కంటికి కనపడనంత సన్నగా పాకి, అద్దం మీదికి దిగింది. కన్నుకు ముందే వెలుతురు తగ్గిపోయింది. ముల్లు అంచు తగిలిందో లేదో, వచ్చేసిందని చెప్పేస్తోంది. అక్కడికే కొలత ఖాయమైపోతోంది. రెండో కన్నూ అంతే, కాని చల్లటి గుర్తు దగ్గర తేడా ఎవరికి కావాలి? మర్నాడు పొద్దున నేను తుడిచేస్తే మళ్లీ అంతా మామూలే. గుడ్డకు పసుపు అంటేది కూడా. బొట్టు తుడిస్తే పసుపు అంటదా అనుకునేదాన్ని.

ఆయన వేలు లుంగీకి తుడుచుకుని మూత వేశాడు.

బయట మా అత్త చేటలో ఉలవలు చెరుగుతోంది. ఏమన్నా తెలిసిందా నాయనా అని అడిగింది. ఏమీ లేదమ్మా అన్నాడు. నన్ను అన్నం పెట్టమన్నాడు. పెట్టాను. తిన్నాడు. చేయి కడుక్కునేటప్పుడు, నేను చెంబుతో నీళ్లు పోస్తుంటే, తల ఎత్తకుండా అన్నాడు.

"అమ్మకు చెప్పొద్దు."

నేను సరేనన్నాను. అప్పుడు అది పెద్ద మాటలా అనిపించలేదు. కారణం దొరికింది కదా, ఇకనుంచి మూత మీద పైన ఎక్కడో బొట్టు పెట్టించుకుంటాం, హిందూపురం వెళ్లి ఉన్న సంగతి చెబుతాడు, దివాకర్ నవ్వి ఇంకో అవకాశమిస్తాడు అనుకున్నాను. ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను కూడా.

హిందూపురం నుంచి తిరిగొచ్చి ఆయన చెప్పింది విన్నాక నాకు ఒళ్లు మండింది. దివాకర్ చెడ్డవాడేం కాదట. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడట. పైవాళ్లు కోపంగా ఉన్నారు, నువ్వు కారణం చెబితే రాసిపెడతాను, ఇంకొక లాటు తెప్పించి చూద్దాం అన్నాడట. ఈయన బొట్టు సంగతి ఎత్తలేదు. చూసుకోలేదు సార్, నా తప్పే అన్నాడు. మరి శుక్రవారమే ఎందుకు తప్పు చేస్తావని దివాకర్ అడిగాడు. ఈయన నేల చూశాడు. గురువారం రాత్రి తాగుతావా అని అడిగాడు. దానికీ నేల చూశాడట. జన్మలో సారా వాసన చూడని మనిషి. ఇక సరుకు పంపేది లేదని తేల్చేశారట.

"నోట్లో ఏమి పెట్టుకుంటివి? బొట్టు కారిందని చెప్తే ఏం పోతాండె?" అన్నాను.

ఆ కంపెనీలో సగం మంది మన చుట్టుపక్కల ఊళ్ల పిల్లలేనని, ఆ మాట సాయంత్రానికల్లా మనూరికి వస్తుందని ఆయన అన్నాడు. వస్తే రానీ అన్నాను. ఆయన నా వైపు చూశాడు.

"గొర్రెలమ్మి ఇచ్చిన మనిషి అది. తన చేత్తోనే చెడిపోయిందని దానికి ఎట్ల తెలియనిచ్చేది సరళా? తినేది మానేసి సచ్చిపోతాది."

ఆ మాట నిజం. మా అత్త సంగతి నాకూ తెలుసు. కాని నిజమైన మాట మీద కూడా కోపం వస్తుందని ఆ రోజు తెలిసింది. ఆయన ఇంట్లో ఉండాలని ఆమె మంద అమ్ముకుంది, ఆయన ఇంట్లో ఉండాలని నేను పదకొండేళ్లు చూశాను, ఆ ఇంట్లో ఉండటాన్నే ఆయన దివాకర్ టేబులు మీద వదిలేసి వచ్చాడు.

శుక్రవారం మీటర్లే చెడ్డాయన్న సంగతి మాత్రం ఊళ్లో దాగలేదు. బయ్యన్న అన్నాడో, పెట్టెలు తెచ్చిన ఆటో అతను అన్నాడో. విన్నప్పటినుంచి మా అత్త నా వైపు వేరేగా చూడటం మొదలుపెట్టింది. చౌడమ్మకు ఇష్టమైన వారం నాడు చేసిన పనే చెడిందంటే అమ్మకు కోపమొచ్చిందన్నమాట. ఎందుకొచ్చింది? శెడ్డులోకి పోయే ఆడది ఇంకెవరు? బయట చేరిన రోజుల్లో నేను శెడ్డు గడప తొక్కలేదు. అది ఆమె పెట్టిన కట్టడే. ఆ రోజుల్లో మిషన్ లోపల తుడవడం కూడా ఆయనే చేసుకునేవాడు. అయినా ఆమె నన్ను ఒక్క మాట అడగలేదు. పక్కింటి రామలక్ష్మమ్మతో అంది. రామలక్ష్మమ్మ నీళ్ల దగ్గర పదిమందితో అంది. అక్కణ్ణుంచి అది నా బిందెలోకే వచ్చింది.

ఆ మాట తీసుకొచ్చి మా బావ ముందు పెట్టాను. ఆయన మిషన్ వైర్లు విప్పి చుట్టలు చుడుతున్నాడు. పీణ్యాలో పాత యజమానే దాన్ని కొనుక్కుంటానన్నాడట, ఆయన్ను కూడా మళ్లీ పనిలోకి తీసుకుంటానన్నాడట, అదే మిషన్ మీద.

"ఊరంతా నా వల్లే చెడిందంటాంది. నువ్వు ఒక మాట చెప్పవా?" అన్నాను.

"నాలుగు దినాలు అంటారు. మళ్లా మర్చిపోతారు."

"మీయమ్మ మర్చిపోతాదా?"

ఆయన వైరు చుట్టడం ఆపలేదు. ఆయన మంచివాడు. వాళ్లమ్మకు దెబ్బ తగలకూడదనుకున్నాడు, ఆ దెబ్బ ఎక్కడో ఒకచోట పడాలి కాబట్టి నా మీద పడనిచ్చాడు. తను ఇక్కడ ఉండడు. నేను ఉంటాను. ఈ లెక్క ఆయనకు తట్టిందో లేదో నేనడగలేదు. తట్టిందని చెబితే భరించలేననిపించింది.

మిషన్ ఏ దారిన వచ్చిందో ఆ దారినే పోయింది. ఆయన ట్రాలీ ఆటోలో దాని పక్కనే కూర్చుని, పడిపోకుండా ఒక చేయి వేసి పట్టుకున్నాడు. పాప ఏడవలేదు. లోపలికెళ్లి తలుపు వెనక నిలబడింది.

ఆషాఢం గాలి మొదలైంది. వాన లేదు, దుమ్ము మాత్రం లేచేది. మా అత్త నల్లప్పవాళ్ల గొర్రెలు కూలికి మేపడానికి ఒప్పుకుంది. తన మందతో తిరిగిన గుట్టల మీదే ఇప్పుడు వేరేవాళ్ల మందతో తిరిగేది. ఇంట్లో నాతో అవసరమున్నంత మాటే. నేను వండింది తినేది, నేను తాకిన దీపం మాత్రం మళ్లీ తోమి వెలిగించుకునేది. అలా తోమడం చూసిన రోజు నా ఓపిక తెగిపోయింది. ఆయనకిచ్చిన మాట ఆయనతోనే పోయిందనుకుని, సద్ది కట్టుకుని గుట్టకు బయల్దేరాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. నీ ఆముదమే అత్తా, నీ బొట్టే అత్తా, నీ కొడుకును నువ్వే పంపించుకున్నావు అత్తా. ఒక్కటి కూడా తగ్గించి చెప్పకూడదనుకున్నాను.

ఆమె బండ నీడన కూర్చుని ఉంది. మనిషి సగమైంది. రోజూ చూస్తున్న మనిషే, ఇంట్లో నేను చూడలేదు. సద్ది పక్కన పెట్టి నేను నోరు తెరిచేలోపు ఆమే మాట్లాడింది.

"మే సరళా, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. నిన్ను తిట్టను. ఆ దినాల్లో నువ్వు శెడ్డులోకి పోయింటివా, లేదా?"

ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"నువ్వు పోకుంటే, మళ్లా నేనే ఏదో తప్పు చేసింటా. ఆ లోపలికి చెయ్యి పెట్టేది మనం ముగ్గురమే గదా. వానికి పని తెలుసు. నువ్వు కాకుంటే నేనే. రాత్రంతా అదే తిరుగుతాంది నాకు. నిద్ర ల్యా, అన్నం దిగదు. నేనే గన అయితే బతికేదెట్ల మే?"

గాలికి ఆమె తల మీద కొంగు నిలవడం లేదు. నేను దారంతా కూర్చుకున్న మాటలు నాలుక మీదే ఉన్నాయి. ఆమె నా మొహంలోకి చూస్తోంది, నేనేం చెబుతానోనని భయపడుతోంది. ఆమెనంత భయంగా నేనెప్పుడూ చూడలేదు. మంద అమ్మిన రోజు కూడా.

"నేనే అత్తా. రెండు మూడు తడవలు పోయినా" అన్నాను.

ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. నా తల మీద చేయి వేసింది. కోపం లేదు. సద్ది విప్పి, ముద్ద చేసి, నోట్లో పెట్టుకుని మింగింది.

"అప్పుడే చెప్పింటే అయిపోతాండె గదమ్మే" అంది. "శుద్ధి చేసి, ఇంకా పెద్ద బొట్టు పెట్టింటా."